మంచు లెక్క సరిపోయినా నీళ్ల లెక్క ఎందుకు తప్పుతుంది?

2021 వసంతంలో కొలరాడో నది ఎగువ కొండల మీద పేరుకున్న మంచు మామూలుగా ఉండాల్సిన దాంట్లో దాదాపు 90 శాతం ఉంది. పది శాతం తక్కువంటే ఎవరూ పెద్దగా టెన్షన్ పడరు. కానీ ఆ మంచు కరిగి, ఏప్రిల్ నుంచి జులై దాకా కింద ఉన్న లేక్ పావెల్ రిజర్వాయర్‌లోకి చేరిన నీళ్లు మామూలులో 26 శాతమే. టీఎంసీల్లో చెప్పుకుంటే 312 రావాల్సిన చోట 80 వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో, ఆ నది విషయంలో మొట్టమొదటిసారిగా, అమెరికా ప్రభుత్వం అధికారికంగా నీటి కొరత ప్రకటించింది.

మంచు కొలిచినవాళ్లు తప్పు కొలవలేదు, నదిలో నీళ్లు కొలిచినవాళ్లూ తప్పు కొలవలేదు. రెండు లెక్కలూ కరెక్టే, మరి మధ్యలో నీళ్లెక్కడికి పోయాయి? కొండ నదుల్లో ఈ సీజన్‌కి ఎంత నీరు దొరుకుతుందో ముందుగా చెప్పడం అనే పనిలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. ప్రతి నెలా బయటికొచ్చే రిపోర్టుల్లో ఒక శాతమో, ఒక సూచీయో, మ్యాపు మీద ఒక రంగో చూసి మనం "బాగానే ఉంది", "బాలేదు" అనేసుకుంటాం గానీ, ఆ అంకె కొండ మీద ఉన్నదాని గురించి చెబుతోందా, నదిలోకి రాబోయేదాని గురించి చెబుతోందా, రిజర్వాయర్‌లో ఇప్పటికే ఉన్నదాని గురించా అని చూసేవాళ్లు తక్కువ.

అసలు కొండ నదుల దగ్గర ఇంత గొడవ ఎందుకంటే, అక్కడ ఎవరూ కట్టని ఒక పెద్ద రిజర్వాయర్ ఉంటుంది. మంచే ఆ రిజర్వాయర్. నవంబర్‌లో పడింది మే నెలలో కదులుతుంది. మైదానంలో వాన పడితే రెండు మూడు రోజుల్లో వాగులో కనిపిస్తుంది, కొండ మీద పడింది ఆరు నెలలు కదలకుండా కూర్చుంటుంది. కరువు కొలవడానికి 1965లో వాతావరణ శాస్త్రవేత్త వేన్ పామర్ తయారుచేసిన సూచీ వాన, వేడి, నేలలో తేమ చూసి లెక్క కడుతుంది. మైదానపు పొలాలకి అది బాగానే పనికొచ్చింది గానీ, పైన కొండ మీద మంచు రూపంలో ఉన్న నీళ్లు, డ్యామ్ వెనకాల నిలబడ్డ నీళ్లు దానికి కనపడవు. కింద పొలంలో ఎండ మండిపోతున్నా పైనుంచి కాలువ నిండుగా వస్తుంటే అది కరువా కాదా? ఆ సూచీని అడిగితే కరువనే అంటుంది.

కాబట్టి ముందు మంచు కొలవాలి. కొలవడమంటే లోతు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అప్పుడే పడ్డ మంచు దూదిలా ఉంటుంది, మీటరు మందం కరిగిస్తే పది సెంటీమీటర్ల నీళ్లొస్తాయి, ఒక్కోసారి అదీ రాదు. అదే మంచు శీతాకాలమంతా తన బరువుకి తానే అణిగి, కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టి, ఏప్రిల్‌కి వచ్చేసరికి మీటరు మందంలో ముప్పై అయిదు నుంచి నలభై అయిదు సెంటీమీటర్ల నీళ్లు పెట్టుకుని ఉంటుంది. అందుకే "ఎన్ని అడుగుల మంచు పడింది" అనే వార్త స్కీయింగ్‌కి పోయేవాళ్లకి పనికొస్తుంది, నీళ్ల లెక్క వేసేవాళ్లకి కాదు. వాళ్లకి కావాల్సింది ఆ మంచుని ఉన్నచోటే కరిగిస్తే ఎంత మందాన నీళ్లు నిలుస్తాయి అన్నది. దాన్ని మంచు-నీటి తుల్యం అంటారు.

దాన్ని కొలిచే పాత పనిముట్టు నాకు భలే నచ్చుతుంది. బోలుగా ఉండే ఒక అల్యూమినియం గొట్టం, కింద అంచున రంపం పళ్లు. దాన్ని మంచులోకి నిలువుగా దించి, మెలితిప్పుతూ నేల తగిలేదాకా పోనిస్తారు, పైకి తీసి అడుగున మట్టి అంటిందో లేదో చూస్తారు (మట్టి ఉంటే గొట్టం నేల దాకా పోయినట్టు లెక్క), ఆ మట్టి దులిపేసి, గొట్టాన్ని మంచుతో సహా ఒక స్ప్రింగ్ కాటాకి వేలాడదీస్తారు. గొట్టం లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఇదేం వింత కొలత అనిపిస్తుంది గానీ, అంత వ్యాసమున్న గొట్టంలో ఒక అంగుళం నీళ్ల బరువు సరిగ్గా ఒక ఔన్సు. అంటే కాటా మీద ఖాళీ గొట్టం బరువు తీసేయగా మిగిలింది ఎన్ని ఔన్సులైతే అన్ని అంగుళాల నీళ్లు. గడ్డకట్టే చలిలో చేతి తొడుగులతో నిలబడ్డ మనిషి కాగితం మీద గుణకారాలు చేయక్కర్లేకుండా ఎవరో ముందే ఆలోచించి పెట్టారు.

ఇలా గొట్టంతో మంచు తూచే పద్ధతికి ఆద్యుడు నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్. ఇంజనీరు కాదు, భౌతికశాస్త్రమూ కాదు. శీతాకాలంలో కొండలెక్కే పిచ్చి ఉన్నాయన. 1900ల మొదట్లో, 3,285 మీటర్ల ఎత్తున్న మౌంట్ రోజ్ శిఖరం మీద వాతావరణ కేంద్రం పెట్టి, మంచు తూచడం మొదలుపెట్టాడు. ఆ పక్కనే ఉన్న లేక్ తాహో నీటిమట్టం మీద అప్పట్లో పెద్ద తగాదా: గట్టున ఇళ్లున్నవాళ్లు సరస్సు మరీ నిండితే మునుగుతామని, కింద నది మీద ఆధారపడ్డవాళ్లు ముందే వదిలేస్తే ఎండిపోతామని. వసంతంలో సరస్సు ఎంత పెరుగుతుందో 1910 ప్రాంతంలో చర్చ్ మంచు లెక్కతో ముందుగా చెప్పగలిగాక ఆ గొడవ కొంత సద్దుమణిగింది. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, కొండ మొత్తం మీద ఎంత నీరుందో లెక్క కట్టే జోలికి పోకపోవడం. కొన్ని ఎంచుకున్న చోట్ల ప్రతి ఏడాదీ అక్కడే తూచి, ఆ చోట మామూలులో ఎంత శాతం ఉందో చూసి, సరస్సుకి వచ్చే నీళ్లూ ఇంచుమించు అదే శాతంలో ఉంటాయి అన్నాడు. వందేళ్లకి పైగా ఈ పని అంతా ఆ "ఇంచుమించు" మీదే నడిచింది. ఇప్పుడు దెబ్బ తింటున్నదీ ఆ "ఇంచుమించు" దగ్గరే.

మనిషి నెలకోసారి వెళ్లి తూచే పనిని 1970ల చివర్నుంచి యంత్రాలు అందుకున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ కింద నడిచే స్నోటెల్ అనే నెట్‌వర్క్‌లో ఇప్పుడు పశ్చిమ రాష్ట్రాల కొండల మీద వందలాది స్టేషన్లున్నాయి. ఒక్కో చోట నేల మీద మంచు దిండు పరిచి ఉంటుంది, లోపల గడ్డకట్టని ద్రవం. పైన మంచు పేరుకుంటే బరువుకి ద్రవం నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని బట్టి నీళ్ల మందం. ఆ రీడింగు కిందికి ఎలా వచ్చేదో తెలిస్తే నమ్మబుద్ధి కాదు. సెల్ టవర్లు లేని రోజుల్లో, కొండల మధ్యలోంచి రేడియో సిగ్నల్ నేరుగా పోదు కాబట్టి, ఆకాశంలో ఉల్కలు కాలిపోయినప్పుడు ఎనభై, వంద కిలోమీటర్ల ఎత్తున క్షణం పాటు మిగిలే విద్యుదావేశపు చారకి సిగ్నల్‌ని తగిలించి, అది వెనక్కి తుళ్లితే ఐడహోలోనో యూటాలోనో పట్టుకునేవాళ్లు. మామూలు రోజుల్లో కూడా కంటికి కనపడని చిన్న ఉల్కలు ఆకాశంలో లెక్కలేనన్ని రాలుతుంటాయి కాబట్టి ఈ ఏర్పాటు దశాబ్దాల పాటు నడిచింది.

దిండుకీ జబ్బులుంటాయి. పైపొర కరిగి గడ్డకట్టి గట్టి పెంకులా తయారైతే, కొత్తగా పడ్డ మంచు బరువు దిండు మీద పడకుండా పక్కలకి వెళ్లిపోతుంది, వంతెన బరువు స్తంభాల మీదకి పోయినట్టు. అప్పుడు దిండు తక్కువ చూపిస్తుంది, తర్వాత ఆ పెంకు విరిగితే ఒక్కసారిగా ఎక్కువ చూపిస్తుంది. ఇవి అనుభవమున్నవాళ్లు గ్రాఫ్ చూసి పట్టేస్తారు. పట్టుకోలేనిది ఇంకోటుంది. ఆ స్టేషన్లు ఎక్కువగా ఒక మాదిరి ఎత్తులో, అడవి మధ్య చిన్న ఖాళీల్లో, గాలి మంచుని ఎగరేసుకుపోని చోట్ల, మనుషులు వెళ్లి రాగలిగే చోట్ల ఉంటాయి. శిఖరాల మీద దాదాపు ఉండవు. చుట్టూ ఉన్న చెట్లు కార్చిచ్చులో కాలిపోతే ఆ చోట మంచు పడే తీరే మారిపోతుంది, పేరు అదే స్టేషన్, రికార్డు మాత్రం వేరే చోటుది అయిపోయినట్టే.

మరి ఉపగ్రహాలున్నాయిగా అంటారు. ఉన్నాయి. 2000 నుంచి మోడిస్ అనే పరికరం దాదాపు రోజూ భూమి మొత్తాన్ని 500 మీటర్ల ముక్కలుగా చూసి ఎక్కడ మంచుందో చెబుతోంది, మబ్బు పట్టకపోతే. అయితే అది చెప్పేది మంచు ఉందా లేదా అన్నదే, కింద చారెడు ఉందో నాలుగు మీటర్లుందో దానికి ఒకటే తెలుపు. మైక్రోవేవ్ పరికరాలు మబ్బుల్లోంచి కూడా చూస్తాయి గానీ వాటికి ఒక్కో చుక్క ఇరవై అయిదు కిలోమీటర్లు. దాంట్లో రెండు లోయలు, ఒక శిఖరం, ఒక ఊరు అన్నీ కలిసిపోతాయి, పైగా మంచు లోతుగా ఉన్నా, తడిసినా ఆ లెక్క పనిచేయదు. కొండ మంచు లోతుగానూ ఉంటుంది, కరిగే కాలంలో తడిగానూ ఉంటుంది. అంటే సరిగ్గా మనకి అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది.

వీటన్నిటికంటే బాగా పనిచేసింది విమానం. 2013లో నాసా వాళ్లు కాలిఫోర్నియాలోని టువాలమీ నదీ ప్రాంతం మీద లేజర్ పెట్టిన విమానం తిప్పారు. మంచు లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి కొండ ఎత్తు కొలిచి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మంచు లోతు, మూడు మీటర్లకో చుక్క చొప్పున. సాంద్రత మాత్రం ఇప్పటికీ మోడల్ నుంచీ, కింద గొట్టంతో తూచినవాళ్ల నుంచీ రావాల్సిందే. ఖర్చెక్కువ కాబట్టి అన్ని నదుల మీదా తిప్పలేరు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పోయిన నైసార్ ఉపగ్రహపు రాడార్‌తో పొడి మంచులోని నీటి మార్పులు పసిగట్టొచ్చా అని పరిశోధకులు చూస్తున్నారు; తడి మంచు దగ్గర దానికీ ఇబ్బందే.

మంచు సంగతి అలా ఉంటే, నదిలోనూ రిజర్వాయర్‌లోనూ ఉన్న నీళ్లు కొలవడం సులువేమో అనిపిస్తుంది. అంత సులువు కాదు. నది గేజి దగ్గర కొలిచేది నీటి ఎత్తు, ప్రవాహం కాదు. ఇంత ఎత్తుంటే ఇన్ని క్యూసెక్కులు అని ముందే కొలిచి పెట్టుకున్న పట్టికని బట్టి లెక్క కడతారు. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ ఈ పనిని 1889లో రియో గ్రాండే నది మీద ఎంబుడో దగ్గర మొదలుపెట్టింది. కొండ నదుల్లో ఒక్క వరదకి బండలు కదిలి అడుగు మారిపోతే ఆ పట్టిక పనికిరాదు, మళ్లీ మనుషులు వెళ్లి కొలవాలి. రిజర్వాయర్‌లోనూ అంతే, చూసేది మట్టం, చెప్పేది పరిమాణం, మధ్యలో పూడిక. 1963లో నింపడం మొదలైన లేక్ పావెల్ 2018కి పూడిక వల్ల దాదాపు 7 శాతం సామర్థ్యం పోగొట్టుకుంది. పట్టిక మార్చకపోతే లేని నీళ్లు కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తాయి.

ఇప్పుడు ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒక్క అంకె చేయాలి. 1980ల మొదట్లో కొలరాడో రాష్ట్రం కోసం షాఫర్, డెజ్మన్ అనే ఇద్దరు ఆ పని చేశారు, పామర్ సూచీకి కనపడని మంచునీ డ్యామ్‌లనీ పట్టుకోవడానికి. పేరు ఉపరితల నీటి సరఫరా సూచీ. లెక్క చాలా మామూలుది. మంచు, వాన, నది ప్రవాహం, రిజర్వాయర్ నిల్వ, ఒక్కోదాన్నీ అదే నదీ ప్రాంతపు పాత ఏళ్ల పక్కన పెట్టి, ఈ ఏడాది కంటే తక్కువ ఉన్నవి నూటికి ఎన్నో చూస్తారు. పోటీ పరీక్షల పర్సంటైల్ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. తర్వాత ఒక్కోదానికి ఆ ప్రాంతంలో ఎంత ప్రాధాన్యముందో అంత బరువు వేసి కలుపుతారు, దాంట్లోంచి 50 తీసేసి, 12తో భాగిస్తారు. అందుకే సూచీ కిందికి మైనస్ 4.2 దగ్గర, పైకి ప్లస్ 4.2 దగ్గర ఆగిపోతుంది. పామర్ సూచీ లాంటి స్కేలు కావాలనే ఆ 12. దాంట్లో వేరే మర్మమేం లేదు. చలికాలంలో మంచు లెక్కలో ఉంటుంది, వేసవిలో దాని బదులు నది ప్రవాహం వస్తుంది.

చేసి చూద్దాం, బరువులు ఉదాహరణకి నేనే వేస్తున్నా. మంచుకి సగం బరువు, రిజర్వాయర్‌కి 0.3, వానకి 0.2 అనుకోండి. ఈ ఏడాది మంచు 20వ పర్సంటైల్‌లో ఉంది, అంటే అయిదేళ్లలో నాలుగేళ్లు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయి. వాన 30లో, రిజర్వాయర్ మాత్రం పోయినేడు బాగా నిండింది కాబట్టి 70లో ఉంది. పదీ, ఆరూ, ఇరవై ఒకటీ కలిపితే 37. అందులోంచి 50 పోతే మైనస్ 13, దాన్ని 12తో భాగిస్తే మైనస్ 1.1. రిపోర్టులో "మామూలు కంటే కాస్త తక్కువ" అని వస్తుంది, మ్యాపు మీద లేత పసుపు రంగు వేస్తారు. వచ్చే ఏడాదీ మంచూ వానా ఇలాగే ఉన్నాయనుకోండి, ఈలోపు రిజర్వాయర్ వాడేసి 20కి దిగింది. ఇప్పుడు లెక్క మైనస్ 2.3. కొండ మీద ఏం మారలేదు, సూచీ మాత్రం కుప్పకూలింది. నిజానికి సమస్య మొదటి ఏడాదే మొదలైంది, నిండు రిజర్వాయర్ దాన్ని కప్పిపెట్టింది. నన్నడిగితే ఈ సూచీని ఒక్క అంకెగా ఎప్పుడూ ప్రచురించకూడదు, పక్కనే దాంట్లో కలిసిన ముక్కలు కూడా వేయాలి. మరీ ముఖ్యంగా, సూచీ సున్నా అంటే అందరికీ సరిపడా నీళ్లున్నాయని కాదు, పాత ఏళ్లతో పోలిస్తే నడిమధ్యలో ఉందని మాత్రమే. కరువు ప్రాంతంలో నడిమధ్య ఏడాదైనా కొరత ఏడాదే.

తర్వాత 1993లో డేవిడ్ గారెన్ ఈ పద్ధతిని సవరిస్తూ, ఇన్ని ముక్కలు కలపడం ఎందుకు, రిజర్వాయర్‌లో ఉన్నదీ, నదిలోకి రాబోతుందని అంచనా వేసినదీ రెండే కలపండి అన్నారు. బాగుంది, లెక్క శుభ్రమైంది. కాకపోతే బరువంతా ఇప్పుడు అంచనా మీద పడింది.

అంచనా ఎలా చెబుతారో చూస్తే సగం మంది తలకిందులుగా చదువుతారు. ఏప్రిల్–జులైకి అయిదు అంకెలిస్తారు, ఒక్కోదాని పక్కన ఒక శాతం: 90, 70, 50, 30, 10 శాతాలు. 90 శాతం ఎదురుగా 100 టీఎంసీ అని ఉంటే, అది "90 శాతం గ్యారంటీగా 100 వస్తుంది, దర్జాగా వాడుకోండి" అని కాదు. ఇలాంటి పరిస్థితులు పదిసార్లు వస్తే తొమ్మిదిసార్లు 100 దాటుతుంది, ఒకసారి అంతకంటే తక్కువ వస్తుంది అని. అంటే జాబితాలో అన్నిటికంటే పొడి అంకె అదే. 10 శాతం పక్కనున్నది పెద్ద అంకె, వరద గురించి భయపడేవాళ్లు చూడాల్సింది. నీళ్లు లేకపోతే ఎండిపోయే పంట వేస్తున్న రైతు 90 వైపు చూడాలి, డ్యామ్ గేట్ల దగ్గర కూర్చున్నవాళ్లు 10 వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. పేపర్లో వచ్చేది మాత్రం మధ్యలో ఉన్న 50. జనవరిలో ఈ అయిదు అంకెల మధ్య దూరం చాలా ఎక్కువ, ఎందుకంటే అప్పటికి పడాల్సిన మంచులో బోలెడు ఇంకా పడలేదు.

డ్యామ్ వాళ్ల తిప్పలు 1983లో బయటపడ్డాయి. లేక్ పావెల్ అప్పటికే దాదాపు నిండి ఉంది, వసంతం చివర్లో మంచు కురిసింది, ఆ వెంటనే ఎండలు ముదిరి వానలు కూడా పడి మంచంతా ఒక్కసారిగా దిగింది. అంచనాలు నీటి వెనకాల పరిగెత్తాయి. లేక్ పావెల్‌ని ఆపే గ్లెన్ కాన్యన్ డ్యామ్‌లో, ఎక్కువైన నీళ్లు వదిలే దారి అయిన స్పిల్‌వే గేట్ల పైన నీళ్లు పొర్లకుండా ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి ఆపారు, అక్షరాలా ప్లైవుడ్డే, తర్వాత వాటి స్థానంలో ఉక్కు పలకలు పెట్టారు. ఆ వేగానికి స్పిల్‌వే సొరంగం కాంక్రీటు చీలి, దాదాపు పది మీటర్ల లోతు గొయ్యి పడింది. ఎక్కువ నీళ్లున్నప్పుడు అంచనా తప్పితే ఇది, తక్కువున్నప్పుడు తప్పితే 2021.

మళ్లీ ఆ 2021 దగ్గరికొద్దాం, నీళ్లెక్కడికి పోయాయో.

చాలావరకు నేల తాగేసింది. అంతకుముందు 2020 వేసవి, శరదృతువు మహా పొడిగా పోయాయి, మంచు పడే ముందే మట్టి ఎండిపోయి ఉంది. ఎండిన నేల మీద మంచు కరిగితే, మొదటి కరుగు నదికి పోదు, మట్టిలోని ఖాళీలు నిండాకే మిగిలింది కదులుతుంది. మంచు దిండుకి తన కింద నేల ఎంత దాహంతో ఉందో తెలియదు. ఆపైన వసంతంలో వాన పడలేదు, ఎండ ముందే ముదిరింది. కొంత మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది, చెట్లు ముందుగా చిగురిస్తే అవీ ముందే తాగడం మొదలుపెడతాయి. ఇవన్నీ చిన్నవే, కానీ అన్నీ ఒకే దిక్కుకి లాగితే పది శాతం లోటు కాస్తా డెబ్భై నాలుగు శాతం లోటు అవుతుంది. కాలిఫోర్నియాలోనూ అదే ఏడాది ఇదే జరిగింది, అంచనా వేసిన నీళ్లు నదుల్లోకి రాలేదు, ఆ రాష్ట్ర జలవనరుల శాఖ వాతావరణ మార్పుని తన అంచనాల్లోకి తేవడంలో వెనకబడిందని 2023లో రాష్ట్ర ఆడిటర్ తప్పుపట్టారు.

దీనికి తోడు దుమ్ము. తాజా మంచు మీద పడ్డ ఎండలో తొంభై శాతం దాకా వెనక్కి పోతుంది. కొలరాడో పీఠభూమి ఎడారుల నుంచి గాలి తెచ్చిన ఎర్రదుమ్ము పొర దాని మీద పరుచుకుంటే ఆ తెలుపు మాసిపోయి ఎండని పట్టుకుంటుంది, సాన్ హువాన్ కొండల్లో ఇలా మంచు వారాల ముందే కరిగిపోవడం కొలిచి చూశారు. ముందే కరిగితే నష్టమేంటి, నీళ్లు నీళ్లేగా అనకండి. మే చివర్లో రావాల్సింది ఏప్రిల్‌లో వచ్చేస్తే, వరదకి చోటుంచాలని రిజర్వాయర్‌లో ఖాళీ పెట్టుకున్న సమయంలో వస్తుంది, కొంత పట్టుకోలేక వదిలేయాలి. జులైలో కాలువకి కావాల్సినప్పుడు నది అడుగంటుతుంది. పైగా నేల మంచు దుప్పటి లేకుండా ఎక్కువ రోజులుండి ఇంకా ఎక్కువ ఆవిరి చేస్తుంది. ఏడాది మొత్తం సరఫరా సూచీలో ఈ తేడా కనపడదు.

ఇంకో తిరకాసు "మామూలు" అనే మాటలోనే ఉంది. మామూలంటే ముప్పై ఏళ్ల సగటు, పదేళ్లకోసారి జరుపుతారు. 2021లో వాడుకలో ఉన్నది 1981–2010 సగటు, దాని ప్రకారం లేక్ పావెల్‌కి ఏప్రిల్–జులైలో 312 టీఎంసీలు రావాలి. తర్వాత 1991–2020 సగటుకి మారారు, ఇందులో కరువేళ్లు ఎక్కువున్నాయి, సగటు 278కి దిగింది. అవే 80 టీఎంసీలు పాత కొలబద్ద మీద 26 శాతం, కొత్తదాని మీద 29. ఒక్క చుక్క కూడా కలవకుండా మూడు శాతం మెరుగైంది! ఇందులో మోసమేం లేదు, కాకపోతే పదేళ్ల కిందటి రిపోర్టులో 80 శాతం, ఈ ఏటి రిపోర్టులో 80 శాతం పక్కపక్కన పెట్టి "పరవాలేదు, అప్పట్లాగే ఉంది" అనేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. దీనికి తాతలాంటి తప్పు 1922లో జరిగింది: నీళ్లు దండిగా ఉన్న కొన్నేళ్ల రికార్డు చూసి కొలరాడో నదిని ఎగువ, దిగువ రాష్ట్రాలకి చెరో 327 టీఎంసీల చొప్పున రాసిచ్చేశారు, నది ఇప్పటికీ ఆ కాగితానికి న్యాయం చేయలేకపోతోంది.

ఇదంతా తీసుకెళ్లి హిమాలయాలకి అతికిస్తే కుదరదు. అక్కడ పడమటి వైపు నదులకి మంచు ముఖ్యం, సట్లెజ్ మీద భాక్రాకి ఏడాదిలో వచ్చే నీళ్లలో సగానికి పైగా మంచు, హిమానీనదాల కరుగే. తూర్పుకి పోయేకొద్దీ రుతుపవనాల వాటా పెరుగుతుంది, మైదానంలోకి దిగాక గంగకి వానే పెద్ద దిక్కు. భాక్రాలో నింపే కాలం మే 21 నుంచి సెప్టెంబర్ 20 దాకా, అంటే మొదట్లో మంచు నీళ్లు, తర్వాత వాన నీళ్లు ఒకే రిజర్వాయర్‌లోకి వస్తాయి. మొదటి సగం ఏప్రిల్‌లోనే అంచనా కట్టొచ్చు, రెండో సగాన్ని ఏ మంచు లెక్కా చెప్పలేదు. పైగా హిమానీనదాలు ఇంకో రకంగా తికమక పెడతాయి. మంచు తక్కువ పడిన ఏడాది పాత మంచుగడ్డ ముందే బయటపడి ఎక్కువ కరుగుతుంది, నదిలో లోటు కనపడకుండా పూడ్చేస్తుంది. అది రాబడి కాదు, దాచుకున్నది తీసి ఖర్చు పెట్టడం. నది గేజికి రెండూ ఒకటే నీళ్లు.

తూచే విషయంలోనూ అక్కడ పరిస్థితి వేరు. 1947లో, డెబ్భై దాటిన వయసులో, ఆ జేమ్స్ చర్చే భారత ప్రభుత్వం పిలిస్తే హిమాలయాల్లో మంచు సర్వే మొదలుపెట్టించడానికి వచ్చాడు. ఇప్పుడు కొండల మీద మంచుని రోజూ గమనించే పనిలో పెద్ద భాగం చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ సంస్థది, వాళ్ల మొదటి అవసరం సైనికుల మీద హిమపాతాలు విరిగిపడకుండా హెచ్చరించడం, సాగునీళ్ల లెక్క కాదు. సింధు, గంగ, బ్రహ్మపుత్రల ప్రవాహ లెక్కలు సరిహద్దు నదులవి కాబట్టి అందరికీ దొరకవు. కేంద్ర జల సంఘం వారం వారం ఇచ్చే బులెటిన్‌లో 150కి పైగా రిజర్వాయర్ల నిల్వ ఉంటుంది, పోయినేడాదితోనూ పదేళ్ల సగటుతోనూ పోల్చి. ముప్పై కాదు, పది. పదేళ్ల కొలబద్ద ఇంకా త్వరగా జరుగుతుంది, రెండు కరువేళ్లు లోపలికొస్తే చాలు. హిందూకుష్ హిమాలయాల మీద మంచు ఎంతకాలం నిలిచిందో ఖాట్మండులోని ఇసిమోడ్ అనే పరిశోధన సంస్థ ఏటా ఉపగ్రహాలతో చూసి చెబుతుంది; 2025లో మామూలు కంటే 23.6 శాతం తక్కువ, 23 ఏళ్లలో అన్నిటికంటే తక్కువ అంది. అయితే అది మంచు పరిచి ఉన్న కాలం, మంచు బరువు కాదు. చారెడు మంచుకీ నాలుగు మీటర్లకీ ఒకటే తెలుపు అన్నానే, అదే.

ఇక ఇలాంటి రిపోర్టు చేతికొచ్చినప్పుడు నేనైతే ముందు తేదీ చూస్తా, తర్వాత ఆ శాతం దేంట్లో శాతమో చూస్తా: ఈ తేదీకి ఉండాల్సిన దాంట్లోనా, లేక సీజన్ మొత్తంలో గరిష్ఠంగా ఉండే దాంట్లోనా. ఫిబ్రవరి 1న "ఈ తేదీకి 100 శాతం" అంటే శీతాకాలం ఇంకా సగం బాకీ ఉందని. జూన్‌లో శాతాలైతే అసలు చదవను. జూన్ 10కి మామూలుగా రెండు సెంటీమీటర్ల నీళ్లు మిగిలే చోట ఈసారి ఆరుంటే "300 శాతం" అని పెద్ద అక్షరాలతో వస్తుంది, ఉన్నది ఆరు సెంటీమీటర్లు. దానికి పూర్తి ఉల్టా కూడా జరుగుతుంది: దిండ్లన్నీ సున్నా చూపిస్తుంటాయి, వాటికి ఆరేడు వందల మీటర్ల పైన, స్టేషన్ లేని గోడల్లాంటి వాలుల మీద ఇంకా నెల రోజులకి సరిపడా మంచుంటుంది, కింద నది రోజూ సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతూ ఆ సంగతి చెబుతూనే ఉంటుంది.